కరెంటు లెక్కల్లో సూత్రం కన్నా ముందు బొమ్మ

ఒక బ్యాటరీ, నాలుగైదు నిరోధాలు, వాటిని కలిపే తీగలు ఉన్న బొమ్మ ఇచ్చి, ఏ తీగలో ఎంత కరెంటు పారుతుందో, ఏ నిరోధం రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులుంటాయో చెప్పమనడమే విద్యుత్ వలయం లెక్క. ఇది పదో తరగతిలో మొదలై, ఇంటర్లో కిర్కాఫ్ నియమాల దాకా సాగుతుంది. దీనికి కావలసిన గణితం తక్కువే. కూడిక, భాగహారం, మహా అయితే రెండు మూడు సమీకరణాలు. అయినా లెక్కల్లో చురుకైన పిల్లలు కూడా ఇక్కడ తడబడుతుంటారు. ఆ తడబాటు గుణకారాల దగ్గర కాదు, చాలావరకు బొమ్మను చదవడం దగ్గరే వస్తుంది.

బొమ్మ చదవాలంటే మూడు రాశుల సంగతి తేటగా తెలియాలి. తీగలో ఒక చోటును సెకనుకు ఎంత విద్యుదావేశం దాటుతోందో చెప్పేది కరెంటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. ఒక కూలుంబు ఆవేశం ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు చేరేలోగా ఎన్ని జౌళ్ళ శక్తి ఇస్తుందో చెప్పేది పొటెన్షియల్ భేదం, అంటే వోల్టేజి. ఒక ఆంపియరు పారడానికి ఎన్ని వోల్టులు కావాలో చెప్పేది నిరోధం. దాని ప్రమాణం ఓమ్. కరెంటు ఒక వస్తువు గుండా పోతుంది, వోల్టేజి రెండు బిందువుల మధ్య ఉంటుంది. ఈ తేడా పట్టుకున్న విద్యార్థి అమ్మీటరును శ్రేణిలోనూ, వోల్టుమీటరును సమాంతరంగానూ ఎందుకు కలుపుతారో బట్టీ పట్టనక్కర్లేదు.

ఈ మూడింటినీ కలిపే సంబంధం జర్మనీలో కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తున్న గియోర్గ్ ఓమ్‌కు దొరికింది. వోల్టా బ్యాటరీతో 1825లో ఆయన చేసిన మొదటి ప్రయోగాలు సరైన సూత్రానికి దారి తీయలేదు. ఆ బ్యాటరీ వోల్టేజి ప్రయోగం నడుస్తుండగానే తగ్గిపోతూ ఉండడం పెద్ద చిక్కు. మరుసటి ఏడు రాగి, బిస్మత్ లోహాలను అతికించి, ఒక అతుకును మరిగే నీళ్ళలోనూ, మరో అతుకును మంచులోనూ ఉంచి, నిలకడైన వోల్టేజి సంపాదించాడు. అప్పుడు కొలతలు దారికి వచ్చాయి. 1827లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు. స్వదేశంలో వెంటనే ఆదరణ రాలేదు గాని, 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకం ఇచ్చింది. ఉష్ణోగ్రత మారకుండా ఉంటే లోహపు తీగ కొసల మధ్య వోల్టేజి దానిలో పారే కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుందన్నదే ఓమ్ నియమం. లెక్కలో దాని రూపం: వోల్టులు = ఆంపియర్లు × ఓమ్‌లు.

సూత్రం ఇంత చిన్నది కాబట్టి దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేయాలనిపిస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ, 6 ఓమ్‌ల నిరోధం కనబడగానే 2 ఆంపియర్లు అని రాసేస్తారు. ఆ 12 వోల్టులూ ఆ నిరోధం కొసల మధ్యే ఉన్నాయా అని ముందుగా చూడాలి. ఒకే వస్తువుకు చెందిన వోల్టేజి, కరెంటు, నిరోధాలనే సూత్రంలో పెట్టాలి. పరీక్ష పేపర్లలో మార్కులు పోయేది ఎక్కువగా ఈ ఒక్క నిబంధన మరిచినందుకే.

ఇంకో అపోహ మరింత లోతైనది. కరెంటు బల్బులో కొంత ఖర్చైపోయి, మిగిలిందే ముందుకు పోతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్, పీటర్ షాఫర్ ఒక ప్రశ్నతో విద్యార్థులను పరీక్షించి, 1992లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒకే రకం బల్బులు ఐదు, ఒకే రకం బ్యాటరీలు మూడు. మొదటి బ్యాటరీకి ఒక్క బల్బు, రెండోదానికి శ్రేణిలో రెండు, మూడోదానికి సమాంతరంగా రెండు. ఏది ఎక్కువ వెలుగుతుంది, ఏది తక్కువ? విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివేవాళ్ళలో కూడా సరైన జవాబు చెప్పినవాళ్ళు కొద్దిమందే. బ్యాటరీల అంతర్నిరోధాన్ని, అంటే వాటి లోపలి నిరోధాన్ని, లెక్కలోకి తీసుకోకపోతే ఒంటరి బల్బు, సమాంతరంగా ఉన్న రెండు బల్బులు ఒకేలా వెలుగుతాయి. శ్రేణిలోని రెండూ వాటికన్నా మందంగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి. శ్రేణిలో మొదటి బల్బుకీ రెండోదానికీ తేడా రాదు, ఎందుకంటే లోపలికి పోయినంత కరెంటూ బయటికి వస్తుంది. బల్బు తీసుకునేది శక్తిని, ఆవేశాన్ని కాదు. పైగా బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇవ్వదు. అది దాదాపు స్థిరంగా ఉంచేది వోల్టేజిని. కరెంటు ఎంతన్నది వలయాన్ని బట్టి మారుతుంది.

నిరోధాలను కలిపే తీరులు ప్రధానంగా రెండు. శ్రేణి సంధానంలో అన్నిటి గుండా ఒకే కరెంటు పోతుంది, వోల్టేజిని అవి పంచుకుంటాయి, నిరోధాలు కూడుకుంటాయి. సమాంతర సంధానంలో అన్నిటి కొసల మధ్య ఒకే వోల్టేజి ఉంటుంది, కరెంటు చీలుతుంది, నిరోధాల విలోమాలు కూడుకుంటాయి. పండగకు పందిట్లో వేలాడదీసే పాతకాలపు సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే ఆ వరస మొత్తం ఆరిపోవడం మొదటిదానికి ఉదాహరణ. ఇంట్లో ఫ్యాను ఆపినా లైటు వెలుగుతూనే ఉండడం రెండోదానికి.

అసలు కష్టం ఏది శ్రేణి, ఏది సమాంతరం అని గుర్తించడంలో ఉంది. కాగితం మీద పక్కపక్కన గీసినంత మాత్రాన సమాంతరం కాదు, ఒకే గీత మీద ఉన్నంత మాత్రాన శ్రేణి కాదు. దీనికి నమ్మకమైన పద్ధతి బిందువులకు అక్షరాలు పెట్టడం. ఉత్త తీగకు నిరోధం లేదని లెక్కల్లో అనుకుంటాం కాబట్టి, ఆ తీగ ఎంత వంకరగా తిరిగినా దాని పొడవునా పొటెన్షియల్ ఒకటే. అందుచేత బ్యాటరీ ధన ధ్రువం దగ్గర ‘క’ అని రాసి, నిరోధం అడ్డొచ్చేవరకూ తీగ అంతటికీ అదే అక్షరం పెట్టాలి. నిరోధం దాటాక అక్షరం మారుతుంది. ఇలా బొమ్మంతా గుర్తించాక, రెండు కొసల్లోనూ ఒకే అక్షరాల జత ఉన్న నిరోధాలు సమాంతరం. రెండు నిరోధాలు ఒక బిందువు దగ్గర కలిసి, అక్కడికి మూడో దారి ఏదీ రాకపోతే అవి శ్రేణి. రెండు కొసలకీ ఒకే అక్షరం వచ్చిన నిరోధంలో కరెంటే పారదు, దాన్ని చెరిపేయవచ్చు.

ఈ పద్ధతి పనిచేస్తుందో లేదో ఒక లెక్కతో చూడవచ్చు. మూడు 6 ఓమ్‌ల నిరోధాలు ఒకే సరళరేఖ మీద వరసగా ఉన్నాయి. రేఖ మీద నాలుగు బిందువులు: మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది. ఒక ఉత్త తీగ మొదటి బిందువు నుంచి మూడోదానికి, మరో తీగ రెండో బిందువు నుంచి నాలుగోదానికి వేశారు. మొదటి, నాలుగో బిందువుల మధ్య ఫలిత నిరోధం ఎంత? చూపుకు శ్రేణిలా ఉంది కాబట్టి 18 ఓమ్‌లు అని రాసేవాళ్ళు ఎక్కువ. అక్షరాలు పెడితే మొదటి, మూడో బిందువులు రెండూ ‘క’, రెండో, నాలుగో బిందువులు రెండూ ‘ఖ’. మూడు నిరోధాలూ క, ఖ మధ్యే ఉన్నాయి. మూడూ సమాంతరమే, ఫలిత నిరోధం 2 ఓమ్‌లు.

గుర్తించడం అయ్యాక లెక్క సాఫీగా నడుస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 2 ఓమ్‌ల నిరోధం శ్రేణిలో ఉంది, దాని తర్వాత 6, 3 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా ఉన్నాయనుకుందాం. 6, 3 కలిసి 2 ఓమ్‌లు. మొత్తం 4 ఓమ్‌లు, బ్యాటరీ నుంచి 3 ఆంపియర్లు. ఇక్కడి నుంచి వెనక్కి రావాలి. 2 ఓమ్‌ల నిరోధం 6 వోల్టులు తీసుకుంటుంది, జంటకు మిగిలేది 6 వోల్టులు. కాబట్టి 6 ఓమ్‌ల దారిలో 1 ఆంపియరు, 3 ఓమ్‌ల దారిలో 2 ఆంపియర్లు. జవాబును సరిచూసుకోవడానికి సామర్థ్యం, అంటే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది, మంచి సాధనం. బ్యాటరీ ఇచ్చేది 12 × 3 = 36 వాట్లు. నిరోధాలు తీసుకునేది వరసగా 18, 6, 12 వాట్లు. మొత్తం 36. ఈ లెక్క కుదరకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

నిజమైన బ్యాటరీ లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది. 1.5 వోల్టుల సెల్లుకు 0.5 ఓమ్ అంతర్నిరోధం ఉండి, దానికి 2.5 ఓమ్‌ల బల్బు కలిపితే కరెంటు 0.5 ఆంపియరు. సెల్లు లోపలే 0.25 వోల్టు పోయి, బల్బుకు అందేది 1.25 వోల్టులే. కారు సెల్ఫ్ స్టార్టరు నొక్కినప్పుడు హెడ్‌లైటు ఒక్క క్షణం మందగించడానికి కారణం ఇదే: స్టార్టరు పెద్ద కరెంటు లాగడంతో బ్యాటరీ లోపల వోల్టులు ఎక్కువ పోతాయి.

రెండు బ్యాటరీలు వేర్వేరు దారుల్లో ఉంటే శ్రేణి, సమాంతరం అనే విభజన సరిపోదు. ఇలాంటి వలయాలకు దారి చూపినవాడు గుస్తావ్ కిర్కాఫ్. 1845లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థిగా ఉండగానే తన రెండు నియమాలూ ప్రకటించాడు. సంధి నియమం ప్రకారం ఒక సంధికి వచ్చే కరెంటుల మొత్తం, అక్కడి నుంచి పోయే కరెంటుల మొత్తానికి సమానం. ఆవేశం పుట్టదు, నశించదు కాబట్టి ఇది తప్పదు. లూప్ నియమం ప్రకారం ఏ మూసిన దారిలోనైనా ఒక చుట్టు తిరిగి వస్తే పొటెన్షియల్ పెరుగుదలలు, తగ్గుదలలు కలిసి సున్నా అవుతాయి. తిరుపతి నుంచి ఏ దారిన కొండ ఎక్కి ఏ దారిన దిగినా, ఎక్కిన ఎత్తూ దిగిన ఎత్తూ సమానం కావలసిందే కదా, పొటెన్షియల్ సంగతీ అంతే.

ఒక ఉదాహరణ. 1 ఓమ్ అంతర్నిరోధం ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, అంతే అంతర్నిరోధం ఉన్న 6 వోల్టుల బ్యాటరీ. రెండింటి ధన ధ్రువాలను ఒకచోట, రుణ ధ్రువాలను ఒకచోట కలిపి, ఆ రెండు చోట్ల మధ్య 4 ఓమ్‌ల నిరోధం పెట్టారు. రుణ ధ్రువాలు కలిసిన చోటును సున్నా వోల్టులు అనుకుని, ధన ధ్రువాలు కలిసిన చోటు పొటెన్షియల్‌ను ‘వ’ అందాం. మొదటి బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు 12 – వ, రెండోదాని నుంచి 6 – వ, నిరోధం గుండా పోయేది వ/4. సంధి నియమం ప్రకారం 18 – 2వ = వ/4. అంటే వ = 8 వోల్టులు. మొదటి బ్యాటరీ కరెంటు 4 ఆంపియర్లు, నిరోధంలో 2 ఆంపియర్లు, రెండో బ్యాటరీ కరెంటు –2 ఆంపియర్లు. ఈ రుణ గుర్తు చూసి కంగారుపడి లెక్క కొట్టేసేవాళ్ళున్నారు. అది తప్పు కాదు, సమాచారం. మొదట అనుకున్న దిశకు ఎదురుగా కరెంటు పోతోందని, అంటే 6 వోల్టుల బ్యాటరీ ఇక్కడ ఛార్జి అవుతోందని దాని అర్థం. మొదట దిశ ఏదనుకున్నా ఫరవాలేదు, చివరిదాకా మార్చకుండా ఉంటే చాలు.

ప్రవేశ పరీక్షలకు ఇష్టమైన వీట్‌స్టన్ బ్రిడ్జిలోనూ పొటెన్షియలే దారి చూపుతుంది. పై దారిలో 2, 4 ఓమ్‌లు, కింది దారిలో 3, 6 ఓమ్‌లు, రెండు నడిమి బిందువులనూ కలుపుతూ ఇంకో నిరోధం. 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, నడిమి నిరోధం లేదనుకుంటే పై నడిమి బిందువు 8 వోల్టులు, కింది నడిమి బిందువూ 8 వోల్టులే. సమాన పొటెన్షియల్ ఉన్న బిందువుల మధ్య కరెంటు పారదు. నడిమి నిరోధం ఎన్ని ఓమ్‌లైనా తీసేయవచ్చు. మిగిలేది 6, 9 ఓమ్‌లు సమాంతరంగా, అంటే 3.6 ఓమ్‌లు.

ఓమ్ నియమానికి హద్దులున్నాయి. ఫిలమెంటు బల్బు వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ఎల్‌ఈడీలో కరెంటు వోల్టేజికి అనుపాతంలో ఉండనే ఉండదు. అయితే కిర్కాఫ్ నియమాలు అక్కడ కూడా పనిచేస్తాయి. 5 వోల్టుల సరఫరాతో, 2 వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్‌ఈడీలో 15 మిల్లీఆంపియర్లు పారించాలంటే మిగతా 3 వోల్టులు శ్రేణిలోని నిరోధం తీసుకోవాలి. అందుకు 200 ఓమ్‌లు పెట్టాలి.

ఈ లెక్కలు గోడ మీది ప్లగ్గు దాకా వస్తాయి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి దాన్ని చిన్న ప్లగ్గుకు పెట్టకూడదు, పవర్ ప్లగ్గుకే పెట్టాలి. లెక్కలో వచ్చిన జవాబును చేత్తో పరీక్షించాలనుకునే విద్యార్థి మాత్రం టార్చిలైటు సెల్లులు, చిన్న బల్బులు, ఒక మల్టీమీటరుతోనే ఆ పని చేయాలి. ఇంటి కరెంటు జోలికి పోకూడదు.