అమ్మే ముందు మన గిన్నెకు: కొర్రన్నం, రాగి సంగటి, ఇసుక మీద కాల్చిన రాగి బిస్కెట్లు



ప్రకృతి వ్యవసాయం చేసే ఇళ్లల్లో ఒక విచిత్రం చూస్తుంటాను. చేన్లో కొర్రలు, రాగులు. జీవామృతం, కషాయాలు తప్ప ఇంకోటి వాటి మీద పడలేదు. పంట ఇంటికొచ్చిన వారానికే మూటలు కట్టి మార్కెట్టుకు పంపేస్తారు. ఇంట్లో పొయ్యి మీద మాత్రం పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, పిల్లల చేతుల్లో అంగడి బిస్కెట్ ప్యాకెట్. విషం లేని తిండి పండించేది మనం, తినేది పట్నం వాళ్లు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దాన్ని ప్రతిపాదించింది మన దేశమే. ప్రచారం బాగా జరిగింది, పట్నాల్లో హోటళ్లలో కూడా కొర్రలు చేరాయి. మన అనంతపురం వైపు పల్లెల్లో మాత్రం, వేరుశనగ వచ్చినాక వంటింట్లోంచి పోయిన కొర్ర ఇంకా చాలా ఇళ్లకు తిరిగి రాలేదు. ఎందుకని అడిగితే మూడు మాటలు చెబుతారు: పొట్టు తీయడం కష్టం, వండితే గట్టిగా అవుతుంది, పిల్లోళ్లు తినరు. ఈ మూడింటికీ మా ఇంట్లో ఏం చేస్తామో చెబుతాను. చేసే విధానం వీడియోలో కూడా చూపించాను.

మర లేకున్నా బియ్యం

కొర్రలు బాగా ఎండబెట్టాలి. మిక్సీ జారు బ్లేడు పదును తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, జారులో మూడో వంతు గింజలు పోసి, ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూకైపోతుంది. చేటలో చెరిగి పొట్టు పోగొట్టి, మళ్లీ తిప్పాలి. రెండు మూడు సార్లకు బియ్యం తయారు. పై తవుడు పోదు కాబట్టి రంగు కొంచెం ముదురుగా ఉంటుంది, అదే మనకు కావాల్సింది.

ఒక జాగ్రత్త. తవుడులో నూనె ఉంటుంది. అందుకే పాలిష్ లేని బియ్యం నిలవ ఉంటే ముక్క వాసన వస్తుంది. గింజగానే దాచుకుని, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే బియ్యం చేసుకోండి. సజ్జ పిండి అయితే ఇంకా తొందరగా చేదెక్కుతుంది, దాన్ని వారానికి సరిపడానే పట్టించుకోవాలి.

కొర్రన్నం

ఒక గ్లాసు కొర్ర బియ్యాన్ని కడిగి కనీసం రెండు గంటలు నానబెట్టాలి. పొద్దున వంటకైతే రాత్రే నానేస్తే ఇంకా మంచిది. గట్టిగా అవుతుందనే వాళ్లలో ఎక్కువమంది నానబెట్టకుండా వండే వాళ్లే. రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి, బియ్యం వేసి, చిన్న మంట మీద మూతపెట్టి ఉడికించాలి. మెత్తగా కావాలంటే మూడు గ్లాసులు పోయండి. దించినాక వెంటనే మూత తీయొద్దు, పది నిమిషాలు అట్లే ఉంచితే మెతుకు విచ్చుకుంటుంది.

ఇది వేడి మీద తినాల్సిన అన్నం. గోగాకు పప్పు, కాస్త నెయ్యి ఉంటే చాలు. రాత్రి మిగిలితే నీళ్లు పోసి పెట్టి, పొద్దున మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ నంజుకుని చేనికి పోవచ్చు. చిన్నపిల్లలకు మొదట్లో అన్నంగా పెట్టకండి. పెసర బేడలు, మిరియాలు, జీలకర్ర వేసి పొంగలి చేసి పెట్టండి. నోటికి అలవాటైనాక అన్నం దానంతటదే తింటారు.

కొర్ర నూకతో రాగి సంగటి

సంగటికి బియ్యపు నూక వేయడం అందరికీ తెలుసు. మేము పైన పొట్టు తీసేటప్పుడు వచ్చే కొర్ర నూకనే వాడతాం. ఏదీ వృథా కాదు. ఒక గ్లాసు నూకకు ఐదు గ్లాసుల నీళ్లు, కాస్త ఉప్పు. నూక బాగా మెత్తగా ఉడికినాక, గ్లాసున్నర రాగి పిండి మధ్యలో కుప్పగా పోయాలి. కలపొద్దు. కట్టెతో నాలుగు చోట్ల గుంతలు పెట్టి, మూతేసి, సన్న మంట మీద ఏడెనిమిది నిమిషాలు మగ్గనివ్వాలి. దించి, సంగటి కట్టెతో ఉండలు లేకుండా గట్టిగా గెలకాలి. చేయి తడి చేసుకుని ముద్దలు చేయడమే. పక్కన శనక్కాయల ఊరుబిండి ఉంటే ఇంకేం వద్దు.

రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది 10 లోపే. ఎదిగే పిల్లలున్న ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

ఇసుక మీద రాగి బిస్కెట్లు

ఓవెన్ అక్కర్లేదు. మందపాటి పాత డబరా ఒకటి, కడిగి ఎండబెట్టిన ఇసుక, లోపల పట్టే పళ్లెం ఉంటే చాలు.

ఒక గిన్నె రాగి పిండిని సన్న మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి. అందులో అర గిన్నె వేయించిన శనక్కాయల పొడి, ముప్పావు గిన్నె బెల్లం పొడి, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి, పావు చెంచా బేకింగ్ పౌడర్ కలపాలి. కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి, అర గిన్నె దాకా పట్టొచ్చు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి. నిలవకపోతే రెండు చెంచాల పాలు చాలు. గోధుమలో ఉండే జిగురు రాగిలో ఉండదు, అందుకే పల్చగా ఒత్తితే విరిగిపోతాయి. వేలు మందాన ఒత్తండి.

డబరాలో రెండంగుళాల ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కించాలి. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు ఎడం ఎడంగా పేర్చి లోపల పెట్టి, సన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. కట్టెల పొయ్యి అయితే మూత మీద నాలుగు నిప్పులు వేస్తే పైన కూడా బాగా కాలుతుంది. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. మా చిన్నోడు చల్లారేదాకా ఆగడు, "మా, ఇంకో రెండు పెట్టు" అంటూ పొయ్యి కాడే కూర్చుంటాడు.

ఇంటికి ఎంత ఉంచుకోవాలి?

ఇది లెక్కేసుకుంటేనే పని అవుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు ఒక పూట కొర్రన్నం అంటే 400 గ్రాముల బియ్యం. నెలకు 12 కిలోలు, ఏడాదికి 144 కిలోలు. నూరు కిలోల కొర్రలకు 65 కిలోల బియ్యం వస్తుందనుకుంటే, దాదాపు రెండుంపావు క్వింటాళ్ల గింజ కావాలి. దానికి విత్తనం కలుపుకోండి.

ఈ మూటలు ఇంట్లో ఉంటే లాభం ఒక్క ఆరోగ్యమే కాదు. అంగట్లో బియ్యం, బిస్కెట్లకు పోయే డబ్బు మిగులుతుంది. మన విత్తనం మన దగ్గరే ఉంటుంది. ధర పడిపోయినప్పుడు వ్యాపారి చెప్పిన రేటుకు మొత్తం తోసేయాల్సిన అగత్యం తగ్గుతుంది. కొనేవాళ్లు "మీరు తింటారా?" అని అడిగితే, ఎట్లా వండుకోవాలో కూడా చెప్పి అమ్మొచ్చు. వండడం తెలిసిన కొనుగోలుదారు మళ్లీ వస్తాడు.

కాబట్టి ఈసారి కళ్లంలో తూకం వేసేటప్పుడు, ముందు ఇంటి మూటలు, విత్తనం మూట పక్కన పెట్టండి. ఎండబెట్టి, వేపాకు వేసి దాచండి. మిగిలిందే మార్కెట్టుకు.