దాచినా వయసు మీదపడుతుంది

ఫ్యానులోంచి తీసిన కండెన్సర్, పాత కుళాయి స్పిండిల్, తలుపు గడియ, ఏ యంత్రంలోవో గుర్తులేని స్ప్రింగులు, రిమోటులో వాడగా మిగిలిన సెల్లులు. చాలా ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగు అరలోనో ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అనుకుంటూ నింపిన డబ్బా అది. ఆ మాటను తీసిపారేయలేం. 2002లో నాసా అంతటి సంస్థే స్పేస్ షటిల్ బూస్టర్లను పరీక్షించే పాత యంత్రాల కోసం, 1978లో వచ్చిన ఇంటెల్ 8086 చిప్పులను ఇంటర్నెట్ వేలంపాటల్లో వెతుక్కుంది.

కాకపోతే ఈ అలవాటు వెనక ఒక నమ్మకం ఉంది. వస్తువు వాడితేనే అరుగుతుంది, పక్కన పెడితే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది అని. ఇది సగమే నిజం. మూత పెట్టిన డబ్బాలోనూ గాలి, తేమ, వేడి తమ పని తాము చేసుకుపోతాయి. ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది మన జాగ్రత్త కన్నా ముందు ఆ వస్తువు దేనితో తయారైందన్నదే.

ముందుగా చెడేది రబ్బరు. సహజ రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన పద్ధతిలో గంధకం కలిపి వేడిచేస్తే, ఆ గొలుసుల మధ్య అడ్డలంకెలు పడి రబ్బరు గట్టిపడుతుంది. అయినా గొలుసుల్లో కార్బన్ జంట బంధాలు చాలానే మిగిలిపోతాయి. గాలిలోని ఓజోన్ దాడి చేసేది వాటి మీదే. పది కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాల ఓజోన్ ఉన్నా చాలు, సాగదీసి ఉంచిన రబ్బరు మీద, సాగిన దిశకు అడ్డంగా పగుళ్లు మొదలవుతాయి. అందుకే రబ్బరు గాస్కెట్‌ను మేకుకు తగిలించి ఉంచడం కన్నా పళ్లెంలో వదులుగా పడుకోబెట్టడం మేలు. బ్రష్‌లు ఉండే మోటార్ల దగ్గర అసలే పెట్టకూడదు, బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వల వల్ల అక్కడ ఓజోన్ పుడుతుంది. సిలికోన్ రబ్బరుకు ఈ బెడద తక్కువ. దాని వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్‌లతో కట్టినది, అందులో జంట బంధాలు ఉండవు. ఐఎస్ఓ 2230 ప్రమాణం ప్రకారం చల్లని, చీకటి చోట సరిగ్గా దాచినా సహజ రబ్బరుకు మొదటి గడువు 5 ఏళ్లు, నైట్రైల్ రబ్బరుకు 7, సిలికోన్‌కు 10. అది దాటాక పరీక్షించి మరీ వాడుకోవాలి.

కండెన్సర్లలో రెండు రకాలను విడదీసి చూడాలి. సీలింగు ఫ్యానులో ఉండేది పలుచని ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత పూసి చుట్టినది. ఎక్కడైనా పొర చిల్లు పడితే ఆ చుట్టూ పూత ఆవిరై, ఆ చోటు మిగతా పూత నుంచి తనంతట తానే వేరుపడుతుంది. ఇలా జరిగిన ప్రతిసారీ సామర్థ్యం కొంచెం తగ్గుతుంది, ఫ్యాను మెల్లగా తిరగడానికి ఇదొక కారణం. కాబట్టి మెకానిక్ మార్చి చేతికిచ్చిన పాత కండెన్సర్‌ను దాచడంలో అర్థం లేదు, దాన్ని తీసిందే పాడైనందుకు. వాడని కొత్తదైతే చాలా ఏళ్లు నిలుస్తుంది. టీవీలు, ఛార్జర్లలో ఉండే ఎలక్ట్రోలైటిక్ రకం సంగతి వేరు. అల్యూమినియం రేకు మీది సన్నని ఆక్సైడు పొర దాని ప్రాణం. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే ఆ పొర బలహీనపడుతుంది. అలాంటిదాన్ని ఒక్కసారిగా పూర్తి వోల్టేజీకి కలిపితే ఎక్కువ కరెంటు లీకై వేడెక్కుతుంది, పేలిపోవచ్చు కూడా. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. ఎండాకాలంలో రేకుల కింది అటక వీటికి తగిన చోటు కాదు.

సెల్లులను అసలు దాచనే కూడదు. మామూలు సెల్లులో జింకు తొడుగే ఒక ఎలక్ట్రోడు. వాడే కొద్దీ జింకు కరిగి, తొడుగుకు చిల్లులు పడి లోపలి రసం బయటికొస్తుంది. ఆల్కలైన్ సెల్లు నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అది తెల్లని పొడిగా పేరుకుంటుంది, పక్కనున్న రాగి, ఇత్తడి కొసలను కూడా పాడుచేస్తుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ అంతకన్నా ప్రమాదం. ఆ ఉబ్బు లోపల రసాయనాలు విడిపోయి పుట్టిన వాయువు వల్ల వచ్చింది, దానికి దెబ్బ తగిలితే నిప్పంటుకోవచ్చు.

బోల్టులు, మేకుల సంగతి తేలిక. ఇనుముకు తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. విశాఖ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో గాలిలోని ఉప్పు తేమను లాక్కుని తుప్పును తొందర చేస్తుంది. కాగితం తేమ పీలుస్తుంది కాబట్టి వార్తాపత్రికలో చుట్టి పెట్టడం మంచిది కాదు. కుట్టుమిషను నూనె కాస్త రాసి, బిగుతైన మూత ఉన్న సీసాలో ఒక సిలికా జెల్ పొట్లంతో సహా ఉంచితే చాలు. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, పింగాణీలకు ఇంత శ్రమ కూడా అక్కర్లేదు.

ఇంత తెలిసినా మనం ఎందుకు పారేయలేం? 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి, అమ్మమన్నారు. కప్పు చేతికొచ్చినవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు దాకా ఉంది. సొంతమైన వస్తువుకు మన మనసు కట్టే విలువ ఇలా పెరుగుతుంది. డబ్బాలోని స్ప్రింగుకూ ఇదే లెక్క. అందుకే ఏది ఉంచాలన్న నిర్ణయాన్ని మమకారానికి వదలకుండా పదార్థానికి వదలడం మంచిది.

లోహం, గాజు, పింగాణీ, అయస్కాంతాలు నిశ్చింతగా ఉంచండి. రబ్బరు, ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లను కవరులో వేసి, ఏ యంత్రంలోవో, ఏ ఏడాది దాచారో రాసి పెట్టండి. సెల్లులు, పాదరసం ఉండే సీఎఫ్ఎల్ బల్బులను చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు పాత ఎలక్ట్రికల్ సామాను రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి, బ్యాటరీలకు విడిగా 2022 నాటి నిబంధనలున్నాయి. ఏడాదికోసారి డబ్బా తీసి రబ్బరు వాషర్లను వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే కుళాయికి బిగించకండి, కొత్తది కొన్ని రూపాయలకే దొరుకుతుంది.