అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటి?

నాన్నగారి తాతగారి పేరు అడిగితే ఇంట్లో ఎవరో ఒకరు ఠక్కున చెప్పేస్తారు. అదే అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు అడిగి చూడండి. 'ఏదో... సుబ్బమ్మో, సూరమ్మో...' అంటూ నీళ్ళు నములుతారు. ఆవిడ పుట్టింటి పేరు, ఊరు అయితే ఇక చెప్పేవాళ్ళే ఉండరు.

ఆడవాళ్ళ పేర్లు ఇలా జారిపోవడం కొత్తేమీ కాదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీలను ఓటర్ల జాబితాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. కారణం ఏమిటంటారా? 'ఫలానావారి భార్యను', 'ఫలానావారి కూతుర్ని' అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు! అందులో ఎక్కువమంది ఉత్తరాదివారే అనుకోండి. కానీ మన ఇళ్ళల్లో మాత్రం 'పెద్దోడి తల్లి', 'కరణంగారి భార్య' అంటూ బతుకు వెళ్ళదీసినవాళ్ళు తక్కువా?

ఇంట్లో పెద్దావిడ ఒక్కరున్నా సరే, వెంటనే ఒక నోటుబుక్కు తీసుకుని పక్కన కూర్చోండి. పేర్లు, పుట్టిన ఊళ్ళు, ఎవరిని ఎవరికిచ్చారు... గుర్తున్నంత వరకు రాసుకోండి. తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో ఇంకో దారుంది. తర్పణం వదిలేటప్పుడు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు... అలా మూడు తరాల ఆడవాళ్ళ పేర్లూ చెప్పాలి. మాతామహుల వైపు కూడా అంతే. ఆ పేర్లు రాసుకున్న కాగితం ఏ దేవుడి గూట్లోనో ఉంటుంది, వెతకండి. ఆ తర్వాత గ్రంథాలయానికి వెళ్ళాలి.

'లైబ్రరీకా? అక్కడ మన ఇంటి సంగతులేముంటాయి? పొద్దున్నే పేపరు చదివే మగవాళ్ళు తప్ప!' అంటారేమో. మనం కట్టే ఇంటి పన్నుకి తోడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కూడా వసూలవుతోంది. డబ్బు కట్టి మరీ మనం వెళ్ళని చోటు ఇదొక్కటేనేమో!

ఏ సంవత్సరమో తేల్చుకోండి

పాతకాలం వాళ్ళకి తారీఖులుండవు. 'మా అమ్మ విళంబిలో పుట్టింది, మాఘ మాసం' అంటారు. విళంబి 60 ఏళ్ళకోసారి వస్తుంది. 1898, 1958, 2018... వీటిలో ఏదన్నది ఆవిడ పిల్లల వయసుల్ని బట్టి మీకే తెలిసిపోతుంది. అయితే ఒక మెలిక ఉంది. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి 1898లో మొదలైన విళంబిలో మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1899 వచ్చేస్తుంది. ఇది చూసుకోకపోతే ఏడాది తేడా పడుతుంది. తిథి కూడా చెప్పగలిగితే ఆనాటి పంచాంగంలో తారీఖు దొరుకుతుంది. పాత గ్రంథాలయాల్లో పంచాంగాల గురించి తప్పకుండా అడగండి.

కరువులు, తుపాన్లు కూడా ఇలాగే ఉపయోగపడతాయి. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన నందన కరువు 1832-33 నాటిది. సీమలో చెప్పుకునే ధాత కరువు 1876లో మొదలైంది. బందరు ఉప్పెన 1864 నవంబరులో వచ్చింది. 'ఉప్పెనకి మా ముత్తవ్వ చంటిపిల్లట' అన్న ఒక్క మాట చాలు, వెతకవలసిన ఏళ్ళు తెలిసిపోతాయి.

ఏ లైబ్రరీలో ఏముంది?

చీరాల దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టారు. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకి పెట్టింది పేరు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో అసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం... అన్నీ వందేళ్ళు దాటినవే.

పత్రికల్లో మనవాళ్ళేం దొరుకుతారంటారా? 1902లో మొదలైన హిందూ సుందరి, 1928లో కేసరిగారు పెట్టిన గృహలక్ష్మి వంటి వాటిల్లో ఆ రోజుల్లోనే ఎంతమంది ఆడవాళ్ళు రాశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఏ ముత్తవ్వ రాసిన పద్యమో, వ్యాసమో అందులో ఉండొచ్చు. అత్తింటి పేరుతో దొరక్కపోతే పుట్టింటి పేరుతో కూడా చూడండి. ఉప్పు సత్యాగ్రహంలో మీవాళ్ళెవరైనా జైలుకెళ్ళారని ఇంట్లో చెప్పుకుంటుంటే 1930 నాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంపుటాలు తిరగెయ్యండి. తెలంగాణవారైతే 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఉంది. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. మీ ఊరివాళ్ళెవరైనా కనబడతారేమో!

ఊరి సంగతులకైతే కైఫియతులు చూడాలి. 200 ఏళ్ళ క్రితం కర్నల్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరా పంపి రాయించినవి. కడప జిల్లావి సి.పి.బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు పుస్తకాలుగా వేశారు. కరణాలు, రెడ్లు, చెరువు తవ్వించినవాళ్ళు, గుడి కట్టించినవాళ్ళు అందులో ఉంటారు. శ్రీపాదవారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' వంటి ఆత్మకథలు కూడా వదలొద్దు. గోదావరి జిల్లా కుటుంబాలు అందులో బోలెడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కాగితాలన్నింటిలో భూములున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళే ఎక్కువ. కూలి చేసుకున్న ముత్తవ్వలు లేరు. కొన్ని కులాలకి పిచ్చుకుంట్లవారు, భట్రాజులు వంశం చదివి చెప్పేవారు కాబట్టి ఆ జ్ఞాపకం మిగిలింది. క్రైస్తవ కుటుంబాలవారైతే లైబ్రరీ కన్నా ముందు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు అడగాలి. 1878 జులై 3న ఒంగోలు మిషను వాళ్ళు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగవారు. ఆ కథ క్లౌ దొరగారి పుస్తకంలో ఉంది. థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో ఇంటిపేర్లు బాగానే దొరుకుతాయి గానీ, మనుషుల గురించి ఆయన రాసినవన్నీ నిజమని నమ్మక్కర్లేదు.

వెతుకుతుంటే మనసుకి కష్టమనిపించేవీ బయటపడతాయి. ఎనిమిదేళ్ళకి పెళ్ళి, పన్నెండేళ్ళకి వైధవ్యం, ఎవరూ చెప్పని రెండో భార్య... 'ఎందుకులే' అని కొట్టేయకండి. ఆ రెండో భార్యకి కూడా ఒక పేరుంది కదా.

వెళ్ళేముందు సెలవు రోజేదో కనుక్కోండి. చాలాచోట్ల ఆదివారం కాదు, శుక్రవారం. 'పాత పత్రికలు' అంటే బీరువా వైపు చూపించి ఊరుకుంటారు. పత్రిక పేరు, సంవత్సరం చెప్పి 'బౌండ్ సంపుటాలు' కావాలనండి. పాత కాగితం ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది కాబట్టి జెరాక్సు వద్దు, అనుమతి అడిగి సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. దుమ్ము పడనివాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఒంటరిగా కూర్చోవడం ఇబ్బందైతే తోడికోడల్నో, కూతుర్నో వెంటబెట్టుకు వెళ్ళండి. రెండు జతల కళ్ళుంటే పనీ త్వరగా అవుతుంది.

దొరికిన పేర్లు ఇంట్లో పాత ఫొటోల వెనక రాసిపెట్టండి. బాల్‌పెన్ను మాత్రం వద్దు, ఇంకు ముందువైపుకి ఊరుతుంది. మెత్తటి పెన్సిలైతే మంచిది.