పులుపు, క్షారం, చక్కెర వ్యాధి

చక్కెర వ్యాధిగ్రస్తులున్న ఇళ్లలో నేడు ఒక మాట తరచుగా వినబడుతోంది: రక్తం ఆమ్లంగా మారడం వల్లనే షుగర్ వస్తుందని, క్షారజలం తాగితే తగ్గుతుందని. ఇందులో నిజమెంతో మనం తెలుసుకోవాలి.

ఆమ్ల, క్షార గుణాలకు కొలమానం పీహెచ్. మన రక్తపు పీహెచ్ 7.35, 7.45 మధ్య ఉంటుంది. మనం ఏమి తిన్నా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఆ హద్దును కాపాడుతాయి. క్షారజలం జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి తన గుణాన్ని కోల్పోతుంది.

అయినా ఆహారాన్ని ఉపేక్షించరాదు. మాంసం, ధాన్యాలు దేహంపై ఆమ్లభారాన్ని పెంచుతాయి. కూరగాయలు, పండ్లు తగ్గిస్తాయి. ఫ్రాన్స్‌లో 66 వేల మందికి పైగా స్త్రీలను 14 ఏళ్లపాటు పరిశీలించగా, ఆమ్లభారం అధికంగా ఉన్న ఆహారం తిన్నవారిలో చక్కెర వ్యాధి ఎక్కువగా కనబడింది. కనుక బిర్యానీ వండిన రోజున కూడా మన దస్తర్‌ఖాన్‌పై కూరగాయలు ఉండాలి. నిమ్మకాయ నాలుకకు పుల్లనిదైనా ఈ భారాన్ని పెంచదు. అన్నంతోపాటు కొద్దిగా సిర్కా తీసుకుంటే భోజనానంతరం గ్లూకోజ్ పెరుగుదల కొంత తగ్గవచ్చు. కాని అది మందుకు బదులు కాదు.

రక్తం నిజంగా ఆమ్లమయ్యే ప్రమాదం ఇన్సులిన్ కొరవడినప్పుడు ఏర్పడుతుంది. కణాలు గ్లూకోజ్‌ను వినియోగించుకోలేవు. దేహం కొవ్వును కరిగిస్తుంది. కీటోన్ ఆమ్లాలు పేరుకుంటాయి. విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనబడితే రోగిని తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. క్షారజలాన్ని నమ్మి ఇన్సులిన్ ఆపివేసినవారికి ఈ ముప్పే ఎదురవుతుంది. ఆహారాన్ని సరిదిద్దుకుందాం, వైద్యుని సలహా లేకుండా మందు మాత్రం మానవద్దు.