వాల్వు స్ప్రింగును ఇంట్లో విప్పవచ్చా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మోట పోయాక బావుల్లోంచి నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్‌కు ఇప్పుడు పెద్దగా పని లేదు. కరెంటు మోటార్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు కూడా అందింది. అయితే ఆ ఇంజన్‌లో ఉండిన వాల్వు స్ప్రింగు ఈ నేల వదిలి పోలేదు. వేరుశనగ చేను దున్నే ట్రాక్టర్లో, పెళ్లిపందిరి వెనక మోగే జనరేటర్లో, వాకిట్లో నిలబడ్డ మోటార్‌సైకిల్లో అది రోజూ పనిచేస్తూనే ఉంది. దాన్ని ఇంటి దగ్గరే విప్పి బిగించుకోవచ్చా, మెకానిక్ షెడ్డుకు పంపాల్సిందేనా అన్నది సహజమైన ప్రశ్న. విప్పడం, బిగించడం ఓపిక ఉన్నవాళ్లకు సాధ్యమైన పనులే. ఇంజన్‌ను దెబ్బతీసేది కొలవకుండా బిగించడం. ఎందుకో ఆ స్ప్రింగు చరిత్రలోనే తెలుస్తుంది.

1885లో జర్మనీలో డైమ్లర్ తయారుచేసిన ఇంజన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వుకు క్యామ్ (వాల్వును తోసే వంపు చక్రం) లేదు. పిస్టన్ కిందికి దిగితే ఆ పీల్పుకే వాల్వు తెరుచుకునేది, బలహీనమైన స్ప్రింగు దాన్ని మూసేది. వేగం పెరిగేసరికి పీల్పు చాలలేదు. రెండు వాల్వులకూ క్యామ్ పెట్టారు, స్ప్రింగు బాధ్యత బరువెక్కింది. క్యామ్ వాల్వును తోయగలదే గానీ వెనక్కి లాగలేదు. తెరిచిన వాల్వును సమయానికి మూయడం, క్యామ్ వంపును వదలకుండా వెంట నడిపించడం స్ప్రింగు పనే. క్యామ్ ఆకారమూ కదిలే భాగాల బరువూ మారకపోతే, ఇందుకు కావలసిన బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఇంగ్లండులో వచ్చిన లిస్టర్ డీజిల్ ఇంజన్లలో ఒక రకం నిమిషానికి 650 చుట్లు తిరిగేది. రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాల పాటు ఆ నమూనానే పోతపోశాయి. అందులో ఒక్కో వాల్వు నిమిషానికి 325 సార్లు తెరుచుకుంటుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ట్రాక్టర్ ఇంజన్‌లో అది 1,000 సార్లు. వేగం మూడింతలైతే అడిగే బలం తొమ్మిదింతలు. నిదానమైన ఇంజన్‌లో అలసిన స్ప్రింగు కూడా నెట్టుకొచ్చింది కాబట్టి ట్రాక్టర్‌లోనూ నెట్టుకొస్తుందనుకోవడం పొరపాటు.

స్ప్రింగు బలం చాలకపోతే వాల్వు క్యామ్‌ను వదిలి తేలుతుంది, ఆలస్యంగా మూసుకుంటుంది, సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. కంప్రెషన్ తగ్గుతుంది, లాగుడు పోతుంది. మరీ ఆలస్యమైతే పైకి వచ్చే పిస్టన్ వాల్వును కొట్టేస్తుంది. స్ప్రింగుకు సొంత కంపనం కూడా ఉంటుంది. క్యామ్ లయ దాన్ని రేపితే చుట్లలో అలలు పుడతాయి. అందుకే కొన్ని ఇంజన్లలో ఒకదాంట్లో ఒకటిగా రెండు స్ప్రింగులు, మరికొన్నింటిలో ఒక కొసన దగ్గర దగ్గరగా చుట్టిన స్ప్రింగు ఉంటాయి. రేసు పందేల్లో స్ప్రింగునే వదిలించుకోవాలని చూశారు. 1954లో మెర్సిడెస్, 1956లో డుకాటి వాల్వును మూయడానికీ క్యామ్‌నే వాడాయి. 1986లో రెనో అదిమిన గాలిని వాడింది. అయినా చవకగా, సులువుగా పని జరిపే స్ప్రింగును మామూలు ఇంజన్లు వదల్లేదు.

ఇక విప్పే సంగతి. హెడ్డును దించి చెక్క మీద పెట్టి, వాల్వు కిందికి జారకుండా దిమ్మ ఆనించాలి. స్ప్రింగు కంప్రెసర్‌తో పై పళ్లాన్ని అదిమితే రెండు చిన్న లాకులు వదులవుతాయి. వాటిని అయస్కాంతంతో తీసి, కంప్రెసర్‌ను నెమ్మదిగా వదలాలి. అదిమిన స్ప్రింగు చేతి పట్టు తప్పితే కన్ను పోవచ్చు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ఏ వాల్వు సామాను ఆ వాల్వు పక్కనే వరసగా పెట్టాలి. స్ప్రింగును పట్టకారుతో పట్టకూడదు, ఆ గీత దగ్గరే తర్వాత విరుగుతుంది. బిగించేటప్పుడు దగ్గర చుట్ల కొస హెడ్డు వైపు ఉండాలి. గ్రీజు పూసిన లాకులు గాడిలో సరిగ్గా కూర్చున్నాయో చూసి, వాల్వు కొస మీద రబ్బరు సుత్తితో ఒక చిన్న దెబ్బ వేయాలి. చివర్లో టాపెట్ సందును మాన్యువల్ ప్రకారం సరిచేయాలి.

ఇంత తెలిసినా, బలం తగ్గిన స్ప్రింగును ఇంట్లో ఎలా గుర్తుపడతామన్న అభ్యంతరం న్యాయమైనదే. వెర్నియర్‌తో పొడవు కొలవచ్చు, మూలమట్టంతో ఒరుగు చూడవచ్చు. పొడవు సరిపోయినా బలం తగ్గి ఉండవచ్చు, దాన్ని లోడ్ టెస్టరే చెప్పాలి. సీటు అరిగినా, గైడు వదులైనా అది మెషిన్ షాపు పనే. పై క్యామ్, టైమింగ్ చైన్ ఉన్న కొత్త ఇంజన్ల జోలికి, వారంటీ ఉన్నవాటి జోలికి పోకపోవడం మేలు. ఈ హద్దులు ఉన్నంత మాత్రాన ఇంటి పని దండగ కాదు. దేన్ని షెడ్డుకు పంపాలో, ఎందుకు పంపాలో యజమానికి తెలిసేది విప్పి చూసినప్పుడే. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్ లాంటి చోట్ల, రైతు తెచ్చిన స్ప్రింగును లోడ్ టెస్టర్ మీద పెట్టి బలం చెప్పే ఏర్పాటు ఉంటే ఇంటి పనికి ఉన్న పెద్ద లోటు తీరుతుంది. అంతదాకా, అనుమానం వచ్చిన స్ప్రింగుకు మారుగా సెట్టు మొత్తం కొత్తది వేయడం, పగిలిన పిస్టన్ మార్చడం కన్నా చవక.