మూత్రాశయ పొరలో క్యాన్సర్ పూర్వ మార్పులు - ప్రోటీన్ సూచికలు

మూత్రాశయం లోపలి పొర కణాలు క్యాన్సర్ వైపు మళ్లుతున్నాయా అని తెలుసుకొనుటకు తోడ్పడే ప్రోటీన్లను మూత్రాశయ ప్రోటీన్ సూచికలు అంటారు. వీటిని బయాప్సీ ముక్కలోనూ, మూత్రంలోనూ పరీక్షిస్తారు.

నేపథ్యం

మూత్రాశయం లోపలి గోడను యూరోథీలియం అనే సాగే పొర కప్పి ఉంటుంది. దీని అడుగున మూల కణాలు, పైన గొడుగు కణాలు ఉంటాయి. పొగాకులోని, రంగుల పరిశ్రమలలోని కొన్ని రసాయనాలు మూత్రంలో చేరి ఈ పొరను దెబ్బతీస్తాయి. కణాల ఆకారం, అమరిక కొంత చెదిరిన స్థితిని డిస్‌ప్లేసియా అంటారు. కణాలు క్యాన్సర్ రూపం దాల్చినా పొరను దాటి లోపలికి చొరబడని స్థితి కార్సినోమా ఇన్ సిటు. ఇది కంతిలా పైకి లేవక చదునుగా ఉండుట వలన సిస్టోస్కోపీలో కూడా కనబడకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్, రాళ్ల వలన వాచిన పొర సూక్ష్మదర్శినిలో కొన్నిసార్లు ఇదే విధంగా కనబడి భ్రమ కలిగిస్తుంది.

కణజాల సూచికలు

బయాప్సీ ముక్కను పలుచగా కోసి, నిర్దిష్ట ప్రోటీన్‌కు మాత్రమే అంటుకొనే యాంటీబాడీలతో రంగు తెప్పిస్తారు.

* సైటోకెరాటిన్ 20: ఆరోగ్యవంతమైన పొరలో గొడుగు కణాలలో మాత్రమే ఉంటుంది. కార్సినోమా ఇన్ సిటులో తరచుగా పొర మందమంతా వ్యాపిస్తుంది.
* సీడీ44: సాధారణంగా మూల కణాలకే పరిమితం. వాపులో పొర అంతటా కనబడుతుంది, కార్సినోమా ఇన్ సిటులో తగ్గిపోతుంది.
* పి53: కార్సినోమా ఇన్ సిటులో అనేక కేంద్రకాలు గాఢమైన రంగు పొందుతాయి.
* కేఐ-67: విభజన చెందుతున్న కణాలను చూపుతుంది. గాయం మానునప్పుడు కూడా ఇది పెరుగుతుంది.

మూత్ర పరీక్షలు

ఎన్ఎంపీ22, బీటీఏ అనే ప్రోటీన్లను మూత్రంలోనే కొలవవచ్చు. ఇన్‌ఫెక్షన్, రాళ్లు, మూత్రంలో రక్తం ఉన్నప్పుడు క్యాన్సర్ లేకున్నా ఫలితం పాజిటివ్ రావచ్చు. కావున ఇవి సిస్టోస్కోపీకి ప్రత్యామ్నాయం కావు.

పరిమితులు

డిస్‌ప్లేసియాను నిస్సందేహంగా తేల్చే ప్రోటీన్ ఏదీ లేదు. అందువలన పాథాలజిస్టులు ఒకే సూచికపై ఆధారపడక, రెండు మూడింటిని కణాల రూపంతో కలిపి పరిశీలిస్తారు.

చికిత్స

కార్సినోమా ఇన్ సిటును గుర్తించక వదిలితే అది కండర పొరలోకి చొరబడవచ్చు. అప్పుడు మూత్రాశయాన్నే తొలగించవలసి రావచ్చు. ముందే గుర్తిస్తే బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కించి చికిత్స చేస్తారు. ఈ పద్ధతి ఫలితాలను కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ బృందం 1976లో ప్రచురించింది. బీసీజీ అసలు క్షయ నివారణ టీకా. హార్స్లీ హిల్స్ సమీపాన మదనపల్లె వద్ద 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం, 1950 దశకంలో పరిసర గ్రామాలలో ఈ టీకాపై అధ్యయనం జరిపింది. బీసీజీ చికిత్స తరువాత మూత్రాశయ పొర వాచి ఉంటుంది. ఆ మార్పు వాపా, మిగిలిన వ్యాధా అని తేల్చుటకు కూడా పై సూచికలు సహాయపడతాయి.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనబడుట ఈ వ్యాధికి ముఖ్య హెచ్చరిక. ఒక్కసారి కనబడి ఆగిపోయినా వైద్యుని సంప్రదించాలి.