తలకి రాసేదల్లా నూనె కాదు

“అన్నా, చుండ్రుకి మంచి లోషన్ ఏదైనా ఇవ్వు.”

మందుల షాపు కుర్రాడు తలెత్తకుండానే వెనక అరలోకి చెయ్యి చాచి ఓ డబ్బా తీసి కౌంటర్ మీద పెడతాడు. “ఇది బాగా పోతోందన్నా. మూడు రోజుల్లో దురద తగ్గిపోద్ది.” కొన్నాయన ధర చూస్తాడు, గడువు తేదీ చూస్తాడు, డబ్బులు కట్టి వెళ్లిపోతాడు. డబ్బా పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న కాంపోజిషన్ జోలికి మాత్రం ఇద్దరూ పోరు.

చదవాల్సింది అదే. ‘స్కాల్ప్ లోషన్’ అని పెద్దక్షరాల్లో ఒకే పేరు పెట్టుకున్న డబ్బాల్లో పూర్తిగా వేర్వేరు మందులుంటాయి. ఒకదాని మీద కీటోకోనజోల్ 2 శాతం అని ఉంటుంది. అది ఫంగస్‌ని అణిచే మందు. ఇంకోదాని మీద సాలిసిలిక్ యాసిడ్ 3 శాతం, బీటామెథాసోన్ 0.05 శాతం అని ఉంటుంది. ఇందులో సాలిసిలిక్ యాసిడ్ గట్టిపడ్డ పొలుసుల్ని మెత్తబరిచి ఊడదీస్తుంది, బీటామెథాసోన్ స్టెరాయిడ్. మూడోదాని మీద క్లోబెటాసోల్ 0.05 శాతం. ఇదీ స్టెరాయిడే, పైగా పూతమందుల్లోకెల్లా ఘాటైన తరగతిది. 0.05 అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ 1 శాతం హైడ్రోకార్టిసోన్ ఈ మందుల్లో చాలా తేలికపాటిది, అందులో ఇరవయ్యో వంతు అంకె వేసుకున్న క్లోబెటాసోల్ దానికన్నా ఎన్నో రెట్లు బలమైనది. అంకెని బట్టి బలం తూచకూడదు.

చుండ్రు మురికి వల్ల రాదు. తల పొడిబారడం వల్లా కాదు, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మలసీజియా అనే ఈస్ట్ రకం ఫంగస్ దాదాపు మనందరి చర్మం మీదా కాపురం ఉంటుంది. మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1874లో దీని గురించి రాశాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. మాడు మీద ఊరే జిడ్డే దీనికి తిండి. ఆ జిడ్డుని విడగొట్టి, తనకి అక్కర్లేని ఓలియిక్ యాసిడ్ లాంటి వాటిని చర్మం మీదే వదిలేస్తుంది. కొందరి చర్మం దాన్ని పట్టించుకోదు. కొందరి చర్మానికి అది పడదు. దురద మొదలవుతుంది, నెల తిరిగేసరికి కంటికి కనిపించకుండా రాలాల్సిన చర్మకణాలు తొందరపడి గుంపులు గుంపులుగా, పొట్టులా రాలతాయి. అది ముదిరి ఎర్రదనం, జిడ్డు పొలుసులు తోడైతే సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనకాల, ఛాతీ మీద కూడా కనిపిస్తుంది.

అందుకే తల ‘పొడిగా ఉంది’ అని రాత్రి దట్టంగా నూనె పట్టించి పడుకుంటే పొట్టు తలకి అతుక్కుని కనబడకుండా పోతుందే తప్ప తగ్గదు. అమ్మమ్మల మీద గౌరవం అలాగే ఉంచుకుని చెబుతున్నా, చుండ్రు ఉన్నన్నాళ్లూ నూనెకి కాస్త దూరంగా ఉండటమే మేలు. మందమైన పెచ్చులుంటే తలస్నానానికి ఓ గంట ముందు కొద్దిగా రాసి, మెత్తబడ్డాక కడిగేసుకోవచ్చు. నిమ్మకాయ చెక్క వేసి రుద్దడం మాత్రం వద్దు. గోకి గోకి పుండైన చోట ఆ పులుపు తగిలితే ఏమవుతుందో రుద్దుకున్నవాళ్లకే తెలుసు.

ఇక వాడే తీరు. కీటోకోనజోల్ షాంపూ అయితే తడి తలకి పట్టించి 3 నుంచి 5 నిమిషాలు అలా ఉంచాలి. మామూలు షాంపూలా నురగ రాగానే కడిగేస్తే మందుకి పని చేసే వ్యవధి ఏదీ? వారానికి రెండుసార్ల చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడితే చాలామందిలో అదుపులోకి వస్తుంది. తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడితే మళ్లీ తలెత్తకుండా ఉంటుంది. ఈస్ట్‌ని శాశ్వతంగా వెళ్లగొట్టే మందు లేదు కాబట్టి ‘ఒక్క సీసాతో మాయం’ అనే ప్రకటనని నమ్మకండి. చుండ్రుకే వాడే ఇంకో మందు సెలీనియం సల్ఫైడ్ రాసేవాళ్లు నగలు ముందే తీసి పక్కన పెట్టుకోవాలి, వాటిని పాడు చేస్తుంది. తారు కలిసిన మందులకి వాసన ఉంటుంది, దిండు గలీబులకి మరకలంటుతాయి, రాసుకున్న చోట ఎండ తగిలితే చర్మం కమిలే అవకాశం ఎక్కువ.

కడగకుండా వదిలేసే లోషన్ సంగతి వేరు. నూనె సీసా వంచినట్టు నడినెత్తిన ఒంపేసి జుట్టంతా పులమడం మనకి అలవాటు. అలా చేస్తే మందంతా వెంట్రుకలు తాగేస్తాయి, మాడుకి అందేది తక్కువ. దువ్వెన కొసతో పాపిడి తీసి, సీసా ముక్కు చర్మానికి ఆనించీ ఆనించకుండా పట్టి, పాపిడి వెంట చుక్కలు వదలాలి. వేలి కొసలతో అద్దాలి, గోళ్లు తగలకూడదు. అంగుళం పక్కన ఇంకో పాపిడి. దురద ఉన్న మేరకే రాయాలి, తలంతా అక్కర్లేదు. నుదుటి మీదికి కారితే వెంటనే తుడిచెయ్యాలి, కళ్లలోకి అసలు పోనివ్వకూడదు. చివర్లో చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మరచిపోయి అదే చేత్తో కళ్లు నులుముకునే వాళ్లున్నారు.

ఇంకో మాట, ఇది మన ఇళ్లకి మరీ అవసరం. ఈ లోషన్లలో చాలావాటికి ఆల్కహాల్ ఆధారం. రాసిన తల తడి ఆరేదాకా నిప్పుకి దూరంగా ఉండాలి. గ్యాస్ పొయ్యి, దేవుడి దగ్గర దీపం, సిగరెట్ ఒక ఎత్తు, తలంటు పోసుకున్నాక నిప్పుల మీద వేసి జుట్టుకి పట్టే సాంబ్రాణి పొగ ఒక ఎత్తు. లోషన్ రాసుకున్న రోజు సాంబ్రాణి మానెయ్యండి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు.

షాపు కుర్రాడు అబద్ధం ఆడలేదు. స్టెరాయిడ్ లోషన్ రాస్తే మూడు నాలుగు రోజుల్లో దురద నిజంగానే తగ్గుతుంది. చిక్కంతా ఆ తగ్గడంలోనే ఉంది. ఆపగానే మళ్లీ వస్తుంది, మళ్లీ రాస్తారు. ఏడాది తిరిగేసరికి అది ‘మా ఇంట్లో తలకి రాసుకునే మందు’ అయిపోతుంది, పక్కింటావిడకీ ఓ సీసా సిఫారసు అవుతుంది. క్లోబెటాసోల్ లాంటిదాన్ని ఏకబిగిన రెండు వారాలు మించి, వారానికి 50 మిల్లీలీటర్లు మించి వాడకూడదని ఆ మందు సూచనల్లోనే ఉంటుంది. అదేపనిగా వాడితే చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు ఎర్రగా తేలతాయి, నుదుటి మీద మొటిమల్లాంటివి లేస్తాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే మొదటికన్నా ఎక్కువగా విరుచుకుపడొచ్చు. అందుకే డాక్టర్లు రోజూ నుంచి రోజు విడిచి రోజుకి, తర్వాత వారానికి రెండుసార్లకి తగ్గిస్తూ వస్తారు.

ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. డబ్బా మీద ఆర్‌ఎక్స్ గుర్తు, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక అచ్చేసి ఉంటాయి. కౌంటర్ దగ్గర వాటికి దక్కే మర్యాద ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తిరుపతి వెళ్లి గుండు చేయించుకుంటే చుండ్రు పోతుందనే వాళ్లున్నారు. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే. జుట్టు పోయినా జిడ్డూ, ఈస్టూ మాడు మీదే ఉంటాయి. మందు సులువుగా అందుతుందన్నది నిజమే, కానీ కత్తిగాట్లున్న పచ్చి గుండు మీద ఆల్కహాల్ లోషన్ పడితే చుక్కలు కనిపిస్తాయి. గాట్లలోంచి స్టెరాయిడ్ మామూలుకన్నా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది కూడా. అవి మానేదాకా ఆగాలి.

పొట్టు రాలేదంతా చుండ్రూ కాదు. వెండిరంగు మందపాటి పెచ్చులు జుట్టు అంచు దాటి నుదుటి మీదికి వస్తుంటే, మోచేతుల మీదా మోకాళ్ల మీదా అలాంటివే ఉంటే, గోళ్లకి సూది గుంటలు పడుతుంటే సోరియాసిస్ కావచ్చు. బడికెళ్లే పిల్లల తలలో పొట్టుతో పాటు వెంట్రుకలు తెగి బిళ్లలు బిళ్లలుగా ఊడుతుంటే తలకి పట్టిన తామర అయి ఉండొచ్చు. దానికి పైపూత ఒక్కటే చాలదు, కడుపులోకి మందు వేసుకోవాల్సిందే. పైన స్టెరాయిడ్ రాస్తే ఎర్రదనం అణిగి, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. పసిపిల్లల మాడు మీద కట్టే పెచ్చులు చాలావరకు వాటంతటవే పోతాయి. పెద్దల లోషన్ వాళ్లకి రాయకండి, సాలిసిలిక్ యాసిడ్ ఆ లేత చర్మంలోంచి రక్తంలోకి చేరగలదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏది రాసుకోవాలన్నా ముందు డాక్టర్‌ని అడగాలి.

సరిగ్గా వాడినా నాలుగు వారాల్లో తగ్గకపోయినా, రసి కారుతున్నా, ఎన్నడూ లేనిది ఒక్కసారిగా ఉధృతంగా వచ్చినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆ రోజు తలకి నూనె పెట్టకండి, పొలుసు ఎలా ఉందో వాళ్లకి కనబడాలి. ఇంట్లో ఉన్న సీసాలన్నీ, ఖాళీవైనా సరే, డబ్బాలతో సహా తీసుకెళ్లి ఒక్కోటీ ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి.